గాజువాకను నాలుగు ముక్కలు చేసే లైబ్రరీ: అది బగ్గా, కాదా?

విశాఖ పేటల పేర్లు తెలుగులో ఉన్న ఫైలు ఒకటి తీసుకుని, నమూనా ఇచ్చి పాఠంలో వెతికే పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాడ్యూల్ ‘ఆర్‌ఈ’తో అందులోని మాటలను విడదీయించి చూడండి. ప్యాటర్న్ అందరికీ తెలిసిందే: బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ, పక్కన ప్లస్. పదంలో రాగల అక్షరాలు ఒకటి గానీ అంతకు మించి గానీ కావాలని దానర్థం. ‘గాజువాక’ ఇస్తే గ, జ, వ, క అని నాలుగు ముక్కలు వస్తాయి. ‘మద్దిలపాలెం’ ఇస్తే మద, ద, లప, ల. గుణింతాలు, పొల్లు, సున్నా అన్నీ ఎగిరిపోతాయి. ఎర్రర్ ఏదీ రాదు, ప్రోగ్రామ్ హాయిగా నడుస్తుంది. నెల తర్వాత సెర్చ్‌లో గాజువాక దొరకడం లేదని ఎవరో ఫోన్ చేస్తే తప్ప సంగతి బయటపడదు.

ఇది స్టాండర్డ్ లైబ్రరీలో, అంటే భాషతో పాటే వచ్చే సిద్ధమైన కోడ్‌లో, బగ్గేనా? మధురవాడ, రుషికొండ ఆఫీసుల్లో ఎవరినడిగినా అవునంటారు. లైబ్రరీని నిర్వహించేవాళ్లను అడిగితే ఒక్క ముక్కలో జవాబు రాదు. ఇష్యూ (తప్పు గురించిన ఫిర్యాదు) వేసేముందు అలా ఎందుకు రాదో తెలుసుకోవాలి. చాలా రిపోర్టులు మూలన పడేది అందులో రాసిన ఇంగ్లీషు బాగోలేక కాదు. ఏ మాట తప్పారో చెప్పకుండా ‘తప్పు’ అని మాత్రమే చెప్పినందువల్ల.

పైథాన్ డాక్యుమెంటేషన్ ఈ గుర్తు గురించి చెప్పేది ఇంతే: ‘ఐసాల్‌నమ్’ అనే స్ట్రింగ్ మెథడ్ అక్షరమో అంకెనో అని ఒప్పుకున్నవి, వాటికి తోడు అండర్‌స్కోర్. అన్ని లిపుల అక్షరాలకూ నంబర్లు ఇచ్చే యూనికోడ్ ప్రమాణంలో మన హల్లులు, అచ్చులు ‘అక్షరం’ వర్గంలో ఉన్నాయి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా ‘మార్క్’ వర్గంలో ఉన్నాయి. ఐసాల్‌నమ్ మార్కులను లెక్కలోకి తీసుకోదు. అంటే కోడ్ తన డాక్యుమెంటేషన్‌కి అక్షరాలా కట్టుబడే ఉంది. ఆ కొలత ప్రకారం బగ్ కాదు.

కానీ యూనికోడ్ వాళ్లకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల మీద ఒక ప్రమాణ పత్రమే ఉంది, యూటీఎస్ 18. పదాక్షరాల్లో మార్కులు కూడా ఉండాలని అది స్పష్టంగా చెబుతుంది. ఆ కొలత ప్రకారం బగ్గే. పైగా ఇదే పైథాన్‌లో ‘విశాఖ’ అని తెలుగులో వేరియబుల్ పేరు పెట్టుకోవచ్చు. ‘ఐసైడెంటిఫయర్’ అని అడిగితే అవునంటుంది, ఐసాల్‌నమ్ అని అడిగితే కాదంటుంది. కోడ్‌ను చదివే భాష పార్సర్ ఒకటి అనుకుంటోంది, లైబ్రరీ మరొకటి అనుకుంటోంది.

పక్క భాషలనూ చూడాలి. పెర్ల్ గాజువాకను గాజువాకగానే ఇస్తుంది. గో భాషలో ఈ గుర్తు ఇంగ్లీషు అక్షరాలకు, అంకెలకు, అండర్‌స్కోర్‌కి మాత్రమే పరిమితం. తెలుగులో ఒక్క అక్షరం కూడా పట్టదు, డాక్యుమెంటేషన్ కూడా అదే చెబుతుంది. జావా కూడా మామూలుగా అంతే. అయితే 2011లో జావా 7తో వచ్చిన యూనికోడ్ క్యారెక్టర్ క్లాస్ ఫ్లాగ్ (కావాలంటే ఆన్ చేసుకునే ఆప్షన్) పెడితే ప్రమాణం ప్రకారం నడుస్తుంది. జావా దారి గమనించండి: పాత ప్రవర్తనను కదపలేదు, కొత్తది కావాలన్నవాళ్లకు తలుపు పక్కన ఇంకో తలుపు తెరిచారు.

పైథాన్‌లో ఈ సమస్య మీద 2007లోనే ఒక ఇష్యూ ఉంది. 2011లో యూటీఎస్ 18ను ఎత్తి చూపుతూ ఇష్యూలు నమోదయ్యే పాత ట్రాకర్‌లో 12731 నంబరుతో ఇంకొకటి వచ్చింది. 3.13 వెర్షన్‌లోనూ గాజువాక నాలుగు ముక్కలే. ఎందుకంటే ఆ గుర్తు అర్థం మారిస్తే ప్రపంచంలో నడుస్తున్న కోట్ల వరుసల కోడ్‌లో యూజర్ పేర్ల తనిఖీలు, ఫైలు పేర్ల వడపోతలు ఒక్కసారిగా వేరే ఫలితం ఇస్తాయి. కాబట్టి ఇదే ఫిర్యాదును మరోసారి కొత్తగా వేయడం దండగ. పాత ఇష్యూకి తెలుగు ఉదాహరణ జోడించడం, ఫ్లాగ్ రూపంలో ప్రతిపాదన పెట్టడం పనికొస్తాయి. అప్పటిదాకా పని గడవాలంటే ‘రీజెక్స్’ అనే బయటి ప్యాకేజీ వాడొచ్చు. లేదంటే తెలుగు బ్లాక్‌ను, అంటే యూనికోడ్ నంబర్లలో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు, ప్యాటర్న్‌లో నేరుగా రాసుకోవచ్చు. రెండో దారి పట్టేవాళ్లు 200సీ అనే కోడ్ పాయింట్‌ను (యూనికోడ్ నంబరును) మరిచిపోకూడదు. ‘సాఫ్ట్‌వేర్’లో ట వత్తు పక్కన వ వత్తు కాకుండా ఆపే కనిపించని గుర్తు అదే. అది తెలుగు బ్లాక్‌లో లేదు.

ఇంత విపులంగా ఎందుకంటే, స్టాండర్డ్ లైబ్రరీ మీద వచ్చే ప్రతి ఫిర్యాదుకూ ఇవే సాక్షులు: డాక్యుమెంటేషన్, లైబ్రరీ సొంత టెస్టులు, బయటి ప్రమాణం, ఇదే పని చేసే ఇతర అమలులు. నాలుగూ ఒకే మాట చెప్పి కోడ్ మాత్రమే వేరుగా ఉంటే అది బగ్, చర్చ అక్కర్లేదు. సాక్షుల్లో సాక్షులకే పడనప్పుడు చర్చ మొదలవుతుంది.

సర్వర్‌లో చెడి, సీతమ్మధారలో నడిచే కోడ్

టైమ్ జోన్ల దగ్గర ఇంకో చిక్కు. పోర్టుకు వచ్చే ఓడల సమయాలున్న లాగ్‌లో ‘ఐఎస్‌టీ’ అని చివర రాసి ఉందనుకుందాం. డేట్‌టైమ్ మాడ్యూల్‌లో పాఠాన్ని సమయంగా చదివే ‘స్ట్రిప్‌టైమ్’కి పెద్ద జెడ్ ఫార్మాట్‌తో దాన్నిస్తే విశాఖలోని లినక్స్ ల్యాప్‌టాప్‌లో చక్కగా చదువుతుంది. అదే కోడ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడిచే క్లౌడ్ సర్వర్‌కి వెళ్లగానే వాల్యూ ఎర్రర్. విండోస్‌లో అయితే విశాఖలో కూర్చున్నా ఎర్రరే, ఎందుకంటే అక్కడ జోన్ పేరు ఐఎస్‌టీ కాదు, ‘ఇండియా స్టాండర్డ్ టైమ్’ అని పూర్తిగా ఉంటుంది.

మూడు యంత్రాల్లో ఒకేలా నడవకపోతే బగ్ అనిపించడం సహజం. డాక్యుమెంటేషన్ తెరిస్తే మాత్రం ఉన్నదున్నట్టు రాసి ఉంది: యూటీసీ, జీఎంటీ, ఆ యంత్రం సొంత జోన్ పేర్లు తప్ప ఈ ఫార్మాట్ దేన్నీ ఒప్పుకోదు. జపాన్‌లో ఉన్నవాళ్ల ఉదాహరణ కూడా ఇచ్చారు. ఐఎస్‌టీ అంటే ఇజ్రాయెల్‌లో ఒకటి, ఐర్లండ్‌లో ఇంకొకటి కాబట్టి లైబ్రరీ ఊహించడానికి ఇష్టపడదు. చదవగలిగిన చోట కూడా తిరిగి వచ్చే డేట్‌టైమ్‌కి జోన్ సమాచారం అంటదు, అదింకా పెద్ద గోతి. లాగ్‌లో ప్లస్ 0530 అని రాయించి చిన్న జెడ్‌తో చదవడమే సరైన దారి.

దీనికి అన్నలాంటిది ‘యూటీసీనౌ’. అది ఇప్పటి యూటీసీ సమయాన్ని జోన్ సమాచారం లేకుండా ఇస్తుంది. దాని మీద, సమయాన్ని సెకన్ల లెక్కగా మార్చే ‘టైమ్‌స్టాంప్’ పిలిస్తే లైబ్రరీ దాన్ని స్థానిక సమయం అనుకుంటుంది. మన దగ్గర ఫలితం సరిగ్గా 19,800 సెకన్లు, అంటే అయిదున్నర గంటలు వెనక్కి పోతుంది. యూటీసీ సర్వర్‌లో తేడా సున్నా. అందుకే సర్వర్‌ను యూటీసీలోనే నడిపేవాళ్ల టెస్టుల్లో ఇది ఎన్నడూ బయటపడకపోవచ్చు. రెండు ఫంక్షన్లూ తమ తమ డాక్యుమెంటేషన్ ప్రకారమే నడిచాయి. కలిపి వాడితేనే తప్పు పుడుతుంది. ఇలాంటప్పుడు నిర్వాహకులు చేసేది రిపేరు కాదు, ‘వాడొద్దు’ అని హెచ్చరిక పెట్టడం. 3.12లో యూటీసీనౌకి ఆ డిప్రికేషన్ హెచ్చరిక వచ్చింది. రిపోర్టుకి ‘బగ్ సరిచేశాం’ ఒక్కటే విజయం కాదని గుర్తుంచుకుంటే నిరాశ తగ్గుతుంది: డిప్రికేషన్, డాక్యుమెంటేషన్‌లో ఒక పేరా, కొత్త ఫ్లాగ్ కూడా విజయాలే.

2.675ని రెండు దశాంశాలకు రౌండ్ చేస్తే 2.67 రావడం లాంటివి ఈ చర్చ దాకా కూడా రావు. ఆ సంఖ్యను ద్విసంఖ్యా రూపంలో ఉన్నదున్నట్టు దాచలేం; లోపల ఉన్నది 2.675 కన్నా రవ్వంత తక్కువ. జీఎస్‌టీ లెక్కలకు డెసిమల్ మాడ్యూల్ వాడాలి, అంతే.

‘వైజాగ్’ కథ కొంచెం వేరు. కంటికి ఒకేలా కనిపించే రెండు ‘వైజాగ్’లు సమానం కావని పైథాన్ అనొచ్చు. ఐత్వాన్ని ఒకే కోడ్ పాయింట్ 0సీ48గా రాయొచ్చు, లేదా 0సీ46, 0సీ56 అని రెండుగా రాయొచ్చు. మొదటి దానికి పొడవు 6, రెండో దానికి 7. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని ‘నార్మలైజ్’తో రెండిటినీ ఎన్‌ఎఫ్‌సీ అనే ప్రామాణిక రూపానికి తెస్తే సమానమవుతాయి. పోల్చేముందు ఆ పని చేయడం ప్రోగ్రామర్ బాధ్యత, లైబ్రరీది కాదు.

రిపోర్టు తయారుచేయడం

ముందు, తప్పు నిజంగా స్టాండర్డ్ లైబ్రరీదేనా అని చూడాలి. సొంత ఫోల్డర్‌లో రాండమ్, టోకెన్, ఈమెయిల్, క్యాలెండర్ అనే పేర్లతో ఫైలు పెట్టుకుంటే పైథాన్ అసలు మాడ్యూల్ బదులు దాన్నే తెచ్చుకుంటుంది. ఇంపోర్ట్ చేసిన మాడ్యూల్ ఏ ఫైల్ నుంచి వచ్చిందో ప్రింట్ చేస్తే అర నిమిషంలో తేలిపోతుంది. పెద్ద ‘ఐ’ ఆప్షన్‌తో ఐసొలేటెడ్ మోడ్‌లో నడిపితే ప్రస్తుత ఫోల్డర్, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, యూజర్ ప్యాకేజీలు అన్నీ పక్కకు పోతాయి. తప్పు అప్పుడూ వస్తే ముందుకు వెళ్లొచ్చు.

తర్వాత, తప్పు ఏ పొరలో ఉందో చూడాలి. తేదీని పాఠంగా రాసే పైథాన్ ‘స్ట్రెఫ్‌టైమ్’ చాలా వరకు కింద ఉన్న సీ లైబ్రరీకే పని అప్పజెబుతుంది. తేదీ ముందు సున్నా తీసేసే మైనస్ గుర్తు లినక్స్‌లో పనిచేసి విండోస్‌లో పనిచేయకపోవడానికి కారణం అదే. అలాంటిది పైథాన్ ట్రాకర్‌లో వేస్తే ‘ఇది మాది కాదు’ అంటారు, సబబుగానే. లినక్స్ పంపిణీలు తమ సొంత ప్యాచ్‌లు కలుపుతాయి కాబట్టి, వీలైతే ఆ భాష అధికారిక బిల్డ్‌తో మళ్లీ నడపండి.

ఇక చిన్నదిగా కోయడం. రిపోర్టు విలువలో సగం ఇక్కడే. ఆఫీసు కోడ్ 400 వరుసలుంటే అందులో డేటాబేస్ తీసేయండి, తప్పు ఇంకా వస్తోందా చూడండి. ఫ్రేమ్‌వర్క్ తీసేయండి, చూడండి. ఇన్‌పుట్ ఫైలును సగం చేయండి, ఏ సగంలో తప్పు మిగిలిందో దాన్ని మళ్లీ సగం చేయండి. చివరికి పదీ పదిహేను వరుసలు, ఒక్క స్టాండర్డ్ లైబ్రరీ ఇంపోర్ట్ మిగలాలి. కంపెనీ డేటా, కస్టమర్ల పేర్లు బయటికి పోకుండా ఉండేదీ ఈ పనితోనే.

తెలుగు పాఠం మీద బగ్ అయితే ఒక జాగ్రత్త. అవతలివాళ్లకు మన లిపి తెలియదు, వాళ్ల ఎడిటర్‌లో గుణింతం విరిగిపోయి కనిపించవచ్చు. ‘ఆస్కీ’ ఫంక్షన్‌కి మాటనిస్తే కోడ్ పాయింట్ల వరుస వస్తుంది. గాజువాకకైతే 0సీ17, 0సీ3ఈ, 0సీ1సీ, 0సీ41, 0సీ35, 0సీ3ఈ, 0సీ15. ఇన్‌పుట్‌నూ ఫలితాన్నీ రెండిటినీ ఆ రూపంలో పెట్టండి. స్క్రీన్‌షాట్ వద్దు, దాన్ని కాపీ చేసి నడపలేరు, సెర్చ్‌లోనూ దొరకదు.

కోడ్ కింద మూడు విషయాలు వేర్వేరుగా ఉండాలి. ఏం వచ్చింది: ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ ఎక్కడ వచ్చిందో చూపే పాఠం) మొత్తం, మధ్యలో కత్తిరించకుండా. ఏం రావాలి. ఎందుకు అలా రావాలి: డాక్యుమెంటేషన్‌లో ఏ వాక్యం, లేదా ప్రమాణంలో ఏ విభాగం. మూడోదాన్ని ఎక్కువ మంది రాయరు, చర్చంతా దాని మీదే జరుగుతుంది. వెర్షన్ వివరానికి పైథాన్‌లో పెద్ద వీ రెండుసార్లు ఇచ్చే ఆప్షన్, గోలో ‘గో వెర్షన్’, ‘గో ఎన్వ్’, రస్ట్‌లో ‘రస్ట్‌సీ’కి వెర్షన్, వెర్బోస్ ఆప్షన్లు రెండూ. ఆపరేటింగ్ సిస్టమ్, ప్రాసెసర్ కూడా రాయాలి. టైటిల్‌లో ఫంక్షన్ పేరు, ఏ పరిస్థితి, ఏం జరిగింది ఉండాలి. ‘అర్జెంట్, హెల్ప్’ అని పెట్టే టైటిళ్లు మనవాళ్ల దగ్గర్నుంచి ఎక్కువగా కనిపిస్తాయి, మానుకుంటే మంచిది.

పాత వెర్షన్‌లో బాగుండి కొత్తదాంట్లో చెడితే దాన్ని రిగ్రెషన్ అంటారు. దీనికి అందరికన్నా ముందు మర్యాద దక్కుతుంది. సోర్స్ తెచ్చుకుని బిల్డ్ చేయగలిగితే గిట్ బైసెక్ట్‌తో చెడగొట్టిన కమిట్‌ను (కోడ్‌లో నమోదైన మార్పును) పట్టుకోవచ్చు. ప్రతి అడుగూ వెతికే మేరను సగం చేస్తుంది కాబట్టి 1,000 కమిట్లలో వెతకడానికి 10 బిల్డులు చాలు. ఆ కమిట్ నంబరు రిపోర్టులో ఉంటే, దాన్ని రాసినవాళ్లే వచ్చి చూస్తారు.

పైథాన్ ఇష్యూలు 2022 ఏప్రిల్‌లో పాత ట్రాకర్ నుంచి గిట్‌హబ్‌కి మారాయి. గో, రస్ట్ కూడా అక్కడే. జావాకి బయటివాళ్లు వెబ్ ఫారం నింపితే, ఎవరో పరిశీలించాకే అసలు ట్రాకర్‌లోకి చేరుతుంది. వెంటనే కనబడలేదని రెండోసారి నింపకండి. లినక్స్‌లో ఎక్కువగా వాడే సీ భాష లైబ్రరీ అయిన గ్నూ సీ లైబ్రరీకి బగ్‌జిల్లా అనే ట్రాకర్ ఉంది. ఎక్కడైనా ముందు మూసేసిన ఇష్యూల్లో కూడా వెతకాలి. చాలా ప్రశ్నలకు జవాబు అక్కడే ఉంటుంది.

ఒక్క మినహాయింపు: భద్రతకు సంబంధించినదైతే బహిరంగంగా వేయకూడదు. ప్రతి భాషకూ భద్రతా బృందం, దాని ఈమెయిల్ ఉంటాయి. 2024 ఏప్రిల్‌లో రస్ట్ 1.77.2 అలాంటి రిపోర్టు ఫలితమే: విండోస్‌లో బ్యాచ్ ఫైళ్లకు పంపే ఆర్గ్యుమెంట్లను స్టాండర్డ్ లైబ్రరీ సరిగా ఎస్కేప్ చేయకపోవడంతో (ప్రత్యేక గుర్తుల ప్రభావం తీసేయకపోవడంతో) దాడి చేసేవాళ్లు తమ ఆదేశాలు నడిపించుకునే వీలుండేది. ప్యాచ్ సిద్ధమయ్యాకే వివరాలు బయటపెట్టారు. ఆర్కైవ్‌లను విప్పే పైథాన్ టార్‌ఫైల్ మాడ్యూల్ దీనికి పూర్తి విరుద్ధం. ఆర్కైవ్‌లో రెండు చుక్కల దారి (పై ఫోల్డర్‌కి వెళ్లే గుర్తు) పెట్టి ఫోల్డర్ బయట ఫైళ్లు రాయించవచ్చని 2007లోనే తెలుసు, భద్రతా లోపాలకు ఇచ్చే సీవీఈ నంబరు కూడా పడింది. ‘నమ్మకం లేని ఆర్కైవ్‌లు విప్పొద్దు’ అని డాక్యుమెంటేషన్‌లో రాసి ఊరుకున్నారు. చివరికి 3.12లో ఫిల్టర్ వచ్చింది, 3.14లో భద్రమైన ఫిల్టరే డిఫాల్ట్ అయింది. హెచ్చరిక రాస్తే చాలదని ఒప్పుకోవడానికి అన్నేళ్లు పట్టడం సమర్థించలేనిది.

చర్చలో నెగ్గేది ఏది

డాక్యుమెంటేషన్ మన పక్షాన ఉన్నంత మాత్రాన చర్చ ముగియదని చెప్పడానికి గ్నూ సీ లైబ్రరీలో మెమరీలోని డేటాను కాపీ చేసే మెమ్‌కాపీని మించిన ఉదాహరణ లేదు. ఒకదాని మీద ఒకటి పడే మెమరీ భాగాలకు మెమ్‌కాపీ వాడకూడదని సీ ప్రమాణం మొదటినుంచీ చెబుతోంది, దానికి మెమ్‌మూవ్ ఉంది. 2010లో వేగం కోసం మెమ్‌కాపీ లోపలి కాపీ దిశ మార్చారు. ఫెడోరా 14లో అడోబీ ఫ్లాష్ శబ్దం గరగరలాడటం మొదలైంది, ఎందుకంటే ఫ్లాష్ ఆ నిబంధనను ఎన్నడూ పాటించలేదు. తప్పు ఫ్లాష్‌దే అని లైబ్రరీ పక్షం. వాడేవాళ్ల యంత్రం పాడైతే ప్రమాణం చూపించి ఏం లాభం అని లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్. బగ్‌జిల్లాలో 12518 నంబరు కింద ఆ వాదన ఇప్పటికీ చదవొచ్చు. 2.14 వెర్షన్‌లో దొరికిన దారి బాగుంది: పాత బైనరీలకు పాత సురక్షిత ప్రవర్తన, కొత్తగా లింక్ అయ్యేవాటికి కొత్త మెమ్‌కాపీ, ఒకే ఫంక్షన్‌కి రెండు రూపాలూ ఉంచే సింబల్ వెర్షన్ల ద్వారా. ఇద్దరి మాటా నిలిచింది.

పాతది చెడకుండా కొత్తది తెచ్చే ఇలాంటి సందు ఏ భాషలో ఎక్కడుందో తెలిస్తే ప్రతిపాదన బలంగా రాయొచ్చు. గోలో పాత ప్రవర్తనను ఎంచుకోనిచ్చే ‘గోడీబగ్’ సెట్టింగులు ఉన్నాయి. రస్ట్‌లో ఎడిషన్లు, అంటే ఏ కోడ్‌కి కావాల్సింది అది ఎంచుకునే భాష రూపాలు: ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మార్చే ఫంక్షన్ బహుళ థ్రెడ్లలో ప్రమాదకరమని తేలినా పాత కోడ్ ఆగిపోకూడదు కాబట్టి, 2024 ఎడిషన్‌లో మాత్రమే దాన్ని ‘అన్‌సేఫ్’గా మార్చారు. పైథాన్‌లో డిప్రికేషన్ హెచ్చరిక ఇచ్చి, కొన్ని వెర్షన్ల తర్వాత తీసేస్తారు. కొత్త ప్రవర్తన మామూలుగా తర్వాతి పెద్ద వెర్షన్‌లోకే వెళ్తుంది. ఐఎస్‌ఓ తేదీ చివర యూటీసీని సూచించే ‘జెడ్’ను ‘ఫ్రమ్‌ఐసోఫార్మాట్’ చదవలేదని ఏళ్ల తరబడి అడిగారు, అది 3.11లో వచ్చింది, పాత 3.10కి బ్యాక్‌పోర్ట్ కాలేదు, అంటే వెనక్కి చేర్చలేదు. ఆ ఫంక్షన్ ‘ఐసోఫార్మాట్’ రాసినదాన్ని చదువుతానని మాత్రమే మాటిచ్చింది కాబట్టి అది ఫీచర్, బగ్ కాదు. ఆ ఒక్క లేబుల్ తేడాతో మీ సర్వర్‌కి రిపేరు వచ్చే నెలకా, వచ్చే ఏడాదికా అన్నది తేలిపోతుంది.

ఎంత అరుదుగా తగులుతుందన్నదీ చర్చకొస్తుంది. సగం సగం చేస్తూ వెతికే జావా బైనరీ సెర్చ్‌లో మధ్య స్థానం కోసం రెండు సూచికలను కలిపి రెండుతో భాగించేవారు. అర్రేలో 2కి 30వ ఘాతం, అంటే సుమారు 107 కోట్ల అంశాలు దాటితే ఆ కూడిక పరిధి మించి రుణసంఖ్య అవుతుంది. ఏళ్లపాటు ఎవరికీ తగల్లేదు, 2006లో బయటపడింది. 2015లో జావా, పైథాన్‌లలో లిస్టులను వరుసలో పెట్టే టిమ్‌సార్ట్‌ను గణితపరంగా నిరూపించబోయిన పరిశోధకులకు నిరూపణ కుదరక, అందులోని లోపం దొరికింది. జావాలో స్టాక్ (లోపలి తాత్కాలిక నిల్వ) పరిమాణం పెంచి సరిపెట్టారు. పైథాన్‌లో ఆ లోపం తగలాలంటే ఏ యంత్రంలోనూ పట్టనంత లిస్టు కావాలి, అయినా లాజిక్‌నే సరిచేశారు. మా లెక్కలో పైథాన్ దారే శుభ్రమైనది. విడుదల గడువు నెత్తి మీదున్నవాళ్లు జావా దారి ఎందుకు పట్టారో కూడా అర్థమవుతుంది.

చర్చ నడుస్తున్నప్పుడు ‘నాకూ ఇదే’ అని కామెంట్లు పెట్టకండి, బొటనవేలు గుర్తు చాలు. కొత్త వెర్షన్‌లో కూడా వస్తోందని, లేదా ఇంకో ప్లాట్‌ఫారంలో రావడం లేదని తేలితే అది రాయండి. ఎవరినీ పేరుతో ట్యాగ్ చేసి పిలవకండి. చాలామంది జీతం లేకుండా సాయంత్రాలు చేసే పని అది. ప్యాచ్ మీరే రాస్తే ముందు తప్పును పట్టే టెస్టు, తర్వాత రిపేరు, ఈ వరుసలో చూపించండి. రివ్యూ చేసేవాళ్లు మొదట టెస్టునే నడుపుతారు. పైథాన్‌లో దీనికి తోడు కంట్రిబ్యూటర్ ఒప్పందం మీద సంతకం, మార్పుల చిట్టాకి ఒక చిన్న వాక్యం కావాలి.

రిపేరు మెయిన్ బ్రాంచ్‌లో చేరినా మీ ఆఫీసు సర్వర్‌లోకి రావడానికి సమయం పడుతుంది. ఈలోగా సొంత కోడ్‌లో అతుకు వేసుకోవాలి. దాని పక్కన కామెంట్‌లో ఇష్యూ నంబరు రాయండి. తప్పుడు ప్రవర్తనను పట్టే టెస్టు ఒకటి రాసి, యూనిట్‌టెస్ట్‌లోని ‘ఎక్స్‌పెక్టెడ్ ఫెయిల్యూర్’ అని గుర్తు పెట్టండి. వెర్షన్ పెంచిన రోజు లైబ్రరీ బాగుపడి ఉంటే ఆ టెస్టు అనుకోకుండా నెగ్గుతుంది, యూనిట్‌టెస్ట్ దాన్నే వైఫల్యంగా చూపిస్తుంది. అప్పుడు కామెంట్‌లోని నంబరు తెరిచి చూసి అతుకు తీసేయొచ్చు.